పారాసింపథెటిక్‌ని ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకుంటే మంచిదేనా? మత్తు డాక్టర్ సమాధానం

మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు మూడు ముక్కల్లో పెడతాను. మెదడు నుంచి గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నరాన్ని యాక్టివేట్ చేస్తే పారాసింపథెటిక్ (గుండెని నెమ్మదింపజేసి, అరుగుదల లాంటి పనులు నడిపే నరాల వ్యవస్థ) ఆన్ అవుతుంది, టెన్షన్, గ్యాస్, నిద్ర పట్టకపోవడం అన్నీ పోతాయి అని రీల్స్ చూసి మీరు ఐస్ నీళ్ళలో మొహం ముంచడం మొదలుపెట్టారు, చెవికి తగిలించుకునే మెషీన్ కూడా ఒకటి కొందామా అని చూస్తున్నారు. మీ వాచ్‌లో హెచ్‌ఆర్‌వి (గుండె ఒక్కో కొట్టుకోవడానికీ మధ్య సమయంలో వచ్చే తేడా) 28 చూపిస్తోంది, అంటే పారాసింపథెటిక్ పాడైపోయిందా అని భయం. చివర్లో ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు గానీ నా దృష్టిలో అసలు ప్రశ్న అదే: నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగర్, ఊరికే కూర్చున్నా పల్స్ 100 పైనే ఉంటోంది, దానికీ దీనికీ సంబంధం ఉందా అని.

సూటిగా చెప్పాలంటే: పారాసింపథెటిక్ ఎంత ఎక్కువగా పనిచేస్తే అంత మంచిది అనేది తప్పు. అది కావాల్సిన చోట, కావాల్సినంతసేపే పనిచేయాలి. మరీ ఎక్కువైతే మనిషి ప్రాణమే పోతుంది, దెబ్బతింటే మెల్లగా ప్రమాదం. నిదానంగా ఊపిరి తీసుకోవడం మంచిదే, పైసా ఖర్చు లేదు, చేసుకోండి. మెషీన్ అక్కర్లేదు. 28 అనే ఒక్క అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. నాన్నగారి పల్స్ సంగతి మాత్రం వాయిదా వేయకండి, ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించండి. ఎందుకో కింద రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను అనస్థీషియా డాక్టర్‌ని, జనం మాటల్లో మత్తు డాక్టర్. జిల్లా ఆసుపత్రిలో క్యాజువాలిటీ, ఐసీయూ డ్యూటీలు చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు ఎక్కువగా థియేటర్‌లో ఉంటాను. మీకు రీల్స్‌లో కనిపించే ఈ పారాసింపథెటిక్ మాకు రోజూ మానిటర్ మీద కనిపిస్తుంది, బీప్ బీప్ అని చెవికి కూడా వినిపిస్తుంది.

ముందు ఇది ఒంట్లో ఎక్కడుందో తెలియాలి, ఎందుకంటే రీల్స్ వాళ్ళు ఒళ్ళంతటికీ ఒకే బటన్ ఉన్నట్టు చెప్తారు, అలా ఏమీ ఉండదు. గుండె, ఊపిరితిత్తులు, పేగులు, మూత్రాశయం ఇవన్నీ మన ప్రమేయం లేకుండా నడుస్తాయి కదా, వాటిని నడిపే నరాల్లో రెండు పెద్ద భాగాలు ఉన్నాయి. కంగారులో గుండెని పరుగెత్తించే సింపథెటిక్ నరాలు వెన్నుపాము మధ్యలోంచి, అంటే ఛాతీ దగ్గర, నడుము పైభాగం దగ్గర నుంచి బయలుదేరతాయి. పారాసింపథెటిక్ రెండు చివర్ల నుంచి వస్తుంది. పైన మెదడు కాండం నుంచి 3, 7, 9, 10 నంబర్ల కపాల నరాల్లో, కింద వెన్నుపాము అడుగున ఎస్2, ఎస్3, ఎస్4 అని పిలిచే భాగాల నుంచి.

3వ నరం కంటిపాపని చిన్నది చేస్తుంది, దగ్గర అక్షరాలు కనపడేలా కంటి లెన్స్‌ని సర్దుతుంది. 7, 9 కలిసి కన్నీళ్ళు, లాలాజలం చూసుకుంటాయి, చింతకాయ పచ్చడి అని చదవగానే ఇప్పుడు మీకు నోరూరితే ఆ పని చేసింది ఈ రెండే. 10వది వేగస్, అది మెడలోంచి దిగి గుండె, శ్వాసనాళాలు, పొట్ట, పాంక్రియాస్, చిన్నపేగు, పెద్దపేగు మొదటి భాగం దాకా వెళ్తుంది. ఆ కింది పెద్దపేగు, మూత్రాశయం, మగవాళ్ళలో అంగస్తంభన, ఇవన్నీ అడుగున ఉన్న ఎస్2 నుంచి ఎస్4 వాటా. అంటే వేగస్‌ని ఏం చేసినా మూత్రాశయానికి ఒరిగేదేమీ లేదు, దాని వైరింగే వేరు.

ఇంకో సంగతి, చేతులకీ కాళ్ళకీ పారాసింపథెటిక్ నరాలు వెళ్ళవు. చెమట గ్రంథులకీ లేవు, చాలా రక్తనాళాలకీ లేవు, అక్కడ సింపథెటిక్ ఒక్కటే ఎక్కువ తక్కువలు చేస్తుంటుంది. కాబట్టి "వేగస్‌ని ఆన్ చేస్తే కాళ్ళ కండరాల్లో బిగుతు పోతుంది" అని ఎవరైనా అంటే వాళ్ళు అనాటమీ పుస్తకం తెరవలేదని అర్థం. పైగా వేగస్‌లోని నరపు పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకి, అంటే పొట్ట, గుండె, ఊపిరితిత్తుల నుంచి మెదడుకి కబుర్లు మోసేవే. ఆర్డర్లు కిందికి మోసేవి తక్కువ.

ఇక గుండె సంగతి, ఇది మీ నాన్నగారి విషయానికి చాలా ముఖ్యం. గుండెలో దానంతట అదే కొట్టుకునే కేంద్రం ఒకటి ఉంది, ఎస్ఏ నోడ్ అంటాం. ఏ నరమూ తగలకుండా దాన్ని వదిలేస్తే పెద్దవాళ్ళలో నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. మరి మామూలుగా మనకి 70 ఎందుకు ఉంటుంది? వేగస్ రాత్రింబవళ్ళు దానికి కళ్ళెం వేసి పట్టుకుంటుంది కాబట్టి. అందుకే గుండె మార్పిడి జరిగినవాళ్ళకి కూర్చున్నా 90 నుంచి 110 మధ్య ఉంటుంది, వాళ్ళ కొత్త గుండెకి వేగస్ కనెక్షన్ తెగిపోయి ఉంటుంది కదా. అంటే ఎవరో వచ్చి దాన్ని "ఆన్" చేయాల్సిన పనేం లేదు, అది మీరు పుట్టకముందు నుంచీ ఆన్‌లోనే ఉంది.

ఇది ఎక్కువైతే ఎలా ఉంటుందో థియేటర్‌లో ఎలా చూస్తామో చెప్తాను. చిన్నపిల్లలకి మెల్లకన్ను ఆపరేషన్‌లో సర్జన్ కంటి పక్కనుండే కండరాన్ని హుక్‌తో పట్టి లాగుతారు. అప్పటిదాకా నిమిషానికి 110 దగ్గర గబగబా వస్తున్న బీప్ ఒక్కసారిగా ఎడం ఎడంగా అయిపోతుంది, 80, 60, ఒక్కోసారి 40, ఒక్కోసారి కొన్ని సెకన్లు అసలు బీపే ఉండదు. తల ఎత్తి చూడాల్సిన పనిలేదు, చెవికే తెలిసిపోతుంది. "సార్, వదలండి" అంటాను, సర్జన్ హుక్ వదిలేస్తారు, నాలుగైదు సెకన్లలో బీప్ మళ్ళీ వేగం అందుకుంటుంది. కంటి దగ్గర లాగుడు 5వ నరం ద్వారా మెదడుకి చేరి, అక్కడి నుంచి వేగస్ ద్వారా గుండెకి దిగిందన్నమాట. 1908లోనే ఆష్నర్, డగ్నిని అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వివరించారు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే పారాసింపథెటిక్‌ని ఆపే అట్రోపిన్ అనే మందు ఇస్తాం. ల్యాపరోస్కోపీలో పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తున్నప్పుడు కూడా ఇలాగే అవుతుంటుంది, అప్పుడు గ్యాస్ ఆపించడమే మొదటి వైద్యం. ఆ క్షణంలో ఆ బిడ్డకి పారాసింపథెటిక్ పూర్తిగా "యాక్టివేట్" అయి ఉంది. అది ఆరోగ్యం కాదు కదా.

మీరు గానీ మీకు తెలిసినవాళ్ళు గానీ ఇంజెక్షన్ చూసి, రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయి ఉంటే అదీ ఇదే బాపతు. వేగస్ గుండె వేగం తగ్గిస్తుంది, అదే సమయంలో రక్తనాళాలని బిగించి ఉంచే సింపథెటిక్ వదులైపోతుంది, బీపీ పడిపోయి మెదడుకి రక్తం చాలక మనిషి కుప్పకూలతాడు. మొహం పాలిపోవడం, చల్లటి చెమట, కడుపులో తిప్పడం ముందు వస్తాయి. అప్పుడు చేయాల్సింది వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టడం, అంతే. జనం కంగారులో లేపి కుర్చీలో కూర్చోబెడతారు, మొహాన నీళ్ళు కొట్టి నిలబెడతారు, దాంతో మళ్ళీ పడతాడు. పెద్ద వయసువాళ్ళు రాత్రి నిద్రలోంచి లేచి నిలబడి ఒంటికి పోస్తూ పడిపోవడం కూడా దాదాపు ఇలాంటిదే, అలాంటివాళ్ళని కూర్చుని పోయమని చెప్తాను.

ఇప్పుడు అసలు పారాసింపథెటిక్ హద్దు దాటితే ఏమవుతుందో చెప్పాలి, ఇది మన పత్తి, మిరప ప్రాంతాల్లో డ్యూటీ చేసిన ఏ డాక్టర్‌కైనా తెలిసిందే. ఈ నరాల చివర్లు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదిలి పని చేయిస్తాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఓటో లోయీ అనే శాస్త్రవేత్త 1921లో ఇది చూపించాడు, రెండు కప్ప గుండెలు తీసుకుని ఒకదాని వేగస్‌ని ప్రేరేపించి, ఆ గుండె ఉన్న ద్రవాన్ని తీసి రెండోదాని మీద పోస్తే, వేగస్‌ని ముట్టుకోకుండానే రెండో గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం తన పనిని రసాయనంతో చేయిస్తోందని తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ అసిటైల్‌కోలిన్ పని అయిపోగానే దాన్ని విరగ్గొట్టడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఆ ఎంజైమ్‌ని పట్టేస్తాయి. ఇక అసిటైల్‌కోలిన్ పోగుపడుతూనే ఉంటుంది, పారాసింపథెటిక్ ఆగమన్నా ఆగదు.

ఎండ నడినెత్తిన ఉండగా, గాలికి ఎదురుగా, తైవాన్ పంపు వీపున వేసుకుని చొక్కా అంతా తడిసేలా మందు కొట్టిన రైతులు సాయంత్రానికి వస్తారు. కొందరికి తలనొప్పి, వాంతులు, చూపు మసక. ఎక్కువ ఒంట్లోకి వెళ్ళినవాళ్ళయితే నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతుంటుంది, కళ్ళలోంచి నీళ్ళు, ఒళ్ళంతా చెమట, బట్టల్లోనే ఒంటికీ రెంటికీ అయిపోతుంది, టార్చి వేసి చూస్తే కంటిపాపలు సూది మొనంత. ఛాతీ మీద స్టెతస్కోప్ పెడితే గుడగుడమని నీళ్ళ చప్పుడు, ఊపిరితిత్తుల్లోకి స్రావాలు అంతగా ఊరిపోతాయి. గుండె నెమ్మదిస్తుంది. కనురెప్పల దగ్గర, తొడల్లో కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతుంటాయి, అది పారాసింపథెటిక్ కాదు, కండరాల దగ్గర ఉండే అదే అసిటైల్‌కోలిన్ పని. చెమట కూడా సింపథెటిక్ నరాలదే గానీ ఆ చివర్లలోనూ ఈ రసాయనమే ఉంటుంది కాబట్టి కలిసి వస్తుంది.

దీనికి విరుగుడు కూడా అట్రోపినే. థియేటర్‌లో గుండె నెమ్మదిస్తే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్ ఒకటి చాలాసార్లు సరిపోతుంది. పురుగుమందు కేసులో అలా కాదు, సిస్టర్లు వేలికి గాజు గుచ్చుకోకుండా గాజుగుడ్డ చుట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి విరుస్తూనే ఉంటారు, ట్రేలో ఖాళీ ఆంప్యూల్స్ కుప్ప పెరుగుతూనే ఉంటుంది. ఛాతీలో గుడగుడ తగ్గి, చంకలో చెమట ఆరి, పల్స్ 80 దాటి, బీపీ నిలబడేదాకా డోసు పెంచుతూ పోవాలి. చుట్టాలేమో "అన్ని ఇంజెక్షన్లా" అని భయపడతారు, తప్పదు. ఒకరోజు బాగానే ఉండి రెండో రోజో మూడో రోజో మెడ ఎత్తలేక, ఊపిరి కండరాలు బలహీనపడి వెంటిలేటర్ మీదికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు, అందుకే తేరుకున్నాడు కదా ఇంటికి తీసుకెళ్తాం అని గొడవ చేయొద్దు అంటాం.

ఇది చదివేవాళ్ళలో వ్యవసాయం ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక్క మాట. మందు ఒంటి మీద పడి ఇలాంటి లక్షణాలు వస్తే తడిసిన బట్టలు వెంటనే తీసేయండి, సబ్బుతో నీళ్ళతో ఒళ్ళు, జుట్టు బాగా కడగండి, కడిగేవాళ్ళు చేతులకి గ్లౌజులో కవర్లో తొడుక్కోండి, 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకురండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఎవరైనా బాధలో పురుగుమందు తాగారని తెలిసినా, తాగేస్తానంటున్నారని తెలిసినా అంతే, గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి, బతికించగలిగే కేసులు చాలా ఉంటాయి. మనసు బాగోనివాళ్ళు మాట్లాడటానికి టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబర్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

దీనికి సరిగ్గా తిరగేసి ఉండేది ఉమ్మెత్త. ఉమ్మెత్త కాయల్లో, గింజల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ ఉంటాయి, అంటే పారాసింపథెటిక్‌ని ఆపేసే మందులే. పిల్లలు ఆడుకుంటూ గింజలు తింటారు, నాటువైద్యం అని ఆకు పసరు తాగినవాళ్ళూ వస్తారు. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంటుంది, మొహం ఎర్రగా, ఒళ్ళు కాలిపోతూ కానీ చుక్క చెమట ఉండదు, కంటిపాపలు పెద్దవై వెలుతురు వేసినా ముడుచుకోవు, పల్స్ 140, పొట్ట కింద మూత్రం నిండి గట్టిగా ఉబ్బి ఉంటుంది. మనిషి ఏదేదో మాట్లాడుతుంటాడు, గాల్లో కనపడని దారాలు ఏరుకుంటుంటాడు. ఇంట్లోవాళ్ళు దెయ్యం పట్టిందనుకుని ముందు ఇంకెక్కడికో తీసుకెళ్ళి ఆలస్యంగా మా దగ్గరికి వస్తారు, అది చాలా బాధగా ఉంటుంది. ఆ పక్కపక్క మంచాల్లో ఈ రెండు రకాల పేషెంట్లనీ చూసిన ఏ స్టూడెంటూ పారాసింపథెటిక్ ఏమేం చేస్తుందో జన్మలో మర్చిపోడు.

అంత దూరం వెళ్ళక్కర్లేదు, మీ ఇంట్లో మందుల డబ్బాలోనే చిన్న సైజు ఉమ్మెత్తలు ఉంటాయి. కడుపునొప్పికి వేసుకునే డైసైక్లోమిన్, జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకి వేసే ఫెనిరమిన్, నిద్రకీ నరాల నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఇవన్నీ అంతో ఇంతో పారాసింపథెటిక్‌ని అడ్డుకుంటాయి. కుర్రవాళ్ళకి నోరెండిపోవడంతో సరిపోతుంది. ప్రోస్టేట్ ఉన్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన జలుబు బిళ్ళ, కడుపునొప్పి బిళ్ళ కలిపి రెండు రోజులు వేసుకుని మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి వచ్చిన కేసు నా కళ్ళముందు ఉంది. పొట్ట కింద ఉబ్బు బొడ్డు దాకా వచ్చేసింది, పైపు వేయగానే లీటరుకు పైన వచ్చింది, ఆ తర్వాతే ఆయన మాట్లాడగలిగాడు. ముసలివాళ్ళలో ఇవే మందులు రెండు మూడు కలిస్తే మతిమరుపు, తికమక కూడా వస్తాయి, ఇంట్లోవాళ్ళు వయసు మీద పడింది అనుకుంటారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చేసుకునే ముందు ఆలోచించండి.

మేం కూడా కావాలనే దీన్ని ఆపుతాం, పెంచుతాం. కంటి ఆసుపత్రిలో పాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు చూడండి, తర్వాత కొన్ని గంటలు ఫోన్‌లో అక్షరాలు కనపడవు, అది 3వ నరం పనిని తాత్కాలికంగా ఆపడమే. ఆయాసం ఉన్నవాళ్ళకి ఇచ్చే టయోట్రోపియం ఇన్‌హేలర్ శ్వాసనాళాలు బిగుసుకోకుండా వేగస్‌ని అక్కడ మాత్రమే అడ్డుకుంటుంది. నడుముకి మత్తు ఇచ్చాక కొన్ని గంటలు మూత్రం రాదు, ఎస్2 నుంచి ఎస్4 మత్తులో ఉంటాయి కాబట్టి, అందుకే పైపు వేస్తాం, జనం కిడ్నీ పాడైందేమో అని భయపడతారు. సిజేరియన్ అయిన తల్లికి కొన్ని గంటలకే చూయింగ్ గమ్ నమలమంటే అత్తగారు వింతగా చూస్తారు, నమిలితే తిండి వస్తోందనుకుని వేగస్ పేగుల్ని కదిలిస్తుంది, గ్యాస్ త్వరగా పోతుంది.

ఇప్పుడు మీ ఐస్ నీళ్ళు, మెషీన్, వాచ్ సంగతి.

ఐస్ నీళ్ళలో మొహం పెడితే గుండె నెమ్మదించడం నిజమే, నీళ్ళలో మునిగే జంతువులన్నిటికీ ఉన్న రిఫ్లెక్స్ అది. మేం కూడా కొన్ని రకాల గుండె దడకి వాడతాం, ముఖ్యంగా చిన్నపిల్లల్లో. పెద్దవాళ్ళలో ఎస్‌విటి అనే దడ వస్తే ముక్కించి, వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తే పద్ధతి ఒకటి ఉంది, 2015లో వచ్చిన ఒక ట్రయల్‌లో మామూలుగా ముక్కిస్తే 17 శాతం మందికి దడ ఆగితే ఇలా చేస్తే 43 శాతం మందికి ఆగింది, మందు లేకుండా. కానీ అవి ఆ నిమిషానికి పనికొచ్చే చికిత్సలు, ఈసీజీ పెట్టుకుని చేసేవి. రోజూ పొద్దున్నే చేస్తే గ్యాస్ పోతుంది, నిద్ర పడుతుంది అనడానికి గట్టి ఆధారం లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు అసలు చేయకూడదు. మెడ నొక్కితే వేగస్ యాక్టివేట్ అవుతుంది అని ఇంకో రీల్ తిరుగుతోంది, దయచేసి మెడ నొక్కుకోకండి, పెద్దవాళ్ళలో మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉంటే అది ఊడి మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు.

వేగస్ స్టిమ్యులేషన్ అనే వైద్యం నిజంగానే ఉంది. అమెరికాలో 1997లో మందులకి లొంగని మూర్ఛకి, 2005లో మందులకి లొంగని డిప్రెషన్‌కి అనుమతి వచ్చింది. అది ఆపరేషన్ చేసి ఎడమవైపు మెడలో నరానికి వైరు చుట్టి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టే పని. ఎడమవైపే ఎందుకంటే గుండె వేగాన్ని నిర్ణయించే కేంద్రానికి ఎక్కువగా కుడి వేగస్ వెళ్తుంది, అక్కడ కరెంటు ఇస్తే గుండె మరీ నెమ్మదిస్తుందేమో అని. ఆన్‌లైన్‌లో దొరికే చెవి మెషీన్‌కి దీని పేరు చెప్పి అమ్ముతున్నారు. చెవి మీద ఒక చిన్న భాగానికి వేగస్ కొమ్మ వెళ్ళడం నిజం, పరిశోధన జరుగుతున్న మాటా నిజం, కానీ మీరు రాసిన టెన్షన్‌కీ గ్యాస్‌కీ ఆ డబ్బు పెట్టమని నేను చెప్పను.

హెచ్‌ఆర్‌వి అంటే ఒక కొట్టుకోవడానికీ తర్వాతి దానికీ మధ్య సమయంలో వచ్చే చిన్న తేడా. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, వేగస్ బాగుంటేనే ఈ తేడా ఉంటుంది. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నిదానంగా ఊపిరి తీసి వదలండి, కుర్రవాళ్ళకి తేడా వేలికే తెలుస్తుంది. కానీ వాచ్ చూపించే అంకె వయసుని బట్టి, నిద్రని బట్టి, రాత్రి తాగిన మద్యాన్ని బట్టి, జ్వరాన్ని బట్టి మారిపోతుంది, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. మీ ఫ్రెండ్‌కి 60, మీకు 28 అని పోల్చుకోవడంలో అర్థం లేదు. మీది మీతోనే నెలల తరబడి పోల్చుకుంటే ఏమైనా తెలియొచ్చు. రాత్రి రెండింటిదాకా ఆఫీస్ కాల్స్ అని మీరే రాశారు కదా, ఆ సంగతి చూసుకుంటే అంకె దానంతట అదే కదులుతుంది.

ఊపిరి గురించి మాత్రం నమ్మకంగా చెప్తాను. నిమిషానికి సుమారు ఆరు సార్లు, వదిలేది కొంచెం పొడుగ్గా ఉండేలా ఊపిరి తీసుకుంటే ఆ గుండె తేడా బాగా పెరుగుతుంది, బీపీ కూడా కొంచెం తగ్గుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వాళ్ళ పేపర్ ఒకటి వచ్చింది, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, యోగా మంత్రం జపించినా మనుషుల ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చేసిందట. మా అమ్మ విష్ణు సహస్రనామం చదివాక స్థిమితంగా ఉంటుంది అంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆపరేషన్‌కి ముందు భయంతో వణికే పేషెంట్‌కి నేను చేయించేది కూడా ఇదే, టేబుల్ మీద చేయి పట్టుకుని నాతోపాటు నిదానంగా ఊపిరి వదలమంటాను, మానిటర్‌లో 120 ఉన్నది 100కి, 95కి దిగుతూ ఉంటుంది. పది నిమిషాలు రోజూ చేసుకోండి. అది బీపీ మందుకీ షుగర్ మందుకీ బదులు మాత్రం కాదు.

ఇక నాన్నగారు. షుగర్ చాలా ఏళ్ళు ఉంటే నరాలు దెబ్బతింటాయని, అరికాళ్ళు మంటలు తిమ్మిర్లు అని అందరికీ తెలుసు. లోపలి అవయవాల నరాలు కూడా అలాగే దెబ్బతింటాయని చాలామందికి తెలియదు. పొడుగు నరాలు ముందు దెబ్బతింటాయి, ఈ వ్యవస్థలో అన్నిటికంటే పొడుగైనది వేగస్. పైన చెప్పాను కదా, వేగస్ పట్టు వదిలితే గుండె తన సొంత వేగానికి, 100 దగ్గరికి వెళ్ళిపోతుందని. కాబట్టి ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి కూర్చున్నా పల్స్ 100 ఉంటే గుండెకి వెళ్ళే వేగస్ దెబ్బతిందేమో అని అనుమానించాలి. అదే అని తేల్చేయకూడదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా, గుండె బలహీనమైనా, లయ తప్పినా, కొన్ని ఆయాసం మందులకీ బీపీ మందులకీ కూడా పల్స్ పెరుగుతుంది. అందుకే ముందు ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించమంటారు. అవి బాగుంటే నిమిషానికి ఆరు సార్లు ఊపిరి తీయించి గుండె వేగంలో తేడా చూస్తారు, అది నిమిషానికి 15 కన్నా ఎక్కువ ఉంటే మామూలు, 10 లోపు ఉంటే దెబ్బతిన్నట్టు. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా ఎలాగూ తగ్గుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకుంటారు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూస్తారు, మూడు నిమిషాల్లో పై అంకె 20 పడిపోతే సింపథెటిక్ కూడా దెబ్బతిందేమో అని అనుమానిస్తారు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు ఇవి అడిగి రాసుకోండి: నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోందా, ఎప్పుడో తిన్నది వాంతిలో వస్తోందా, ఇన్సులిన్ వేసుకుని అన్నం తిన్నా షుగర్ ఒక్కసారిగా పడిపోతోందా (పొట్ట నెమ్మదించి అన్నం రక్తంలోకి ఆలస్యంగా వస్తే ఇలా జరుగుతుంది), మూత్రం పూర్తిగా అవుతోందా, మంచం మీంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా. అంగస్తంభన గురించి కొడుకు అడగలేడు, డాక్టర్‌తో ఆయన్ని ఒంటరిగా ఒక ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి, చాలామందిలో ముందు కనిపించేది అదే.

దీంట్లో నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. గుండె నుంచి నొప్పి కబురు మోసే నరాలు కూడా దెబ్బతిని ఉంటే హార్ట్ ఎటాక్ వచ్చినా ఛాతీలో నొప్పి రాదు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట, వాంతి, చెప్పలేని నీరసం, అంతే. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెడతారు. ఆయనకి అలా ఏమైనా వస్తే గ్యాస్ అనుకోవద్దు, నేరుగా ఈసీజీ తీయించండి. వాకింగ్ బదులు రేపటినుంచి జాగింగ్ అని మొదలుపెట్టించకండి, ముందు గుండె పరీక్ష అవ్వాలి. చెడిపోయిన నరాన్ని వెనక్కి తెచ్చే మందు చేతిలో లేదు గానీ షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉంటే ఇంకా చెడకుండా నెమ్మదించవచ్చు, సిగరెట్ ఉంటే అది మానాలి.

చివరిగా, ఆయనకి ఎప్పుడైనా ఏ ఆపరేషన్ పడినా, కంటి శుక్లం లాంటి చిన్నదైనా సరే, మత్తు డాక్టర్‌తో ఈ పల్స్ సంగతి మీరే చెప్పండి. ఇలాంటివాళ్ళకి మత్తులో బీపీ హఠాత్తుగా పడిపోవచ్చు, అట్రోపిన్‌కి గుండె సరిగ్గా స్పందించకపోవచ్చు, రాత్రి తిన్నది పొద్దునకి కూడా పొట్టలోనే ఉండి మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. షుగర్‌కి సెమాగ్లుటైడ్ లాంటి పొట్టని నెమ్మదింపజేసే ఇంజెక్షన్ వాడుతుంటే అదీ చెప్పాలి. ముందే తెలిస్తే మేం తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటాం. ఈసీజీ, టీఎస్‌హెచ్ రిపోర్టులు వచ్చాక ఇక్కడ రాయండి, ఇంకేం అడగాలో చెప్తాను.